రత్తమ్మ నడుం

రత్తమ్మ నడుం గురించి తెలియని ఆడమనిషి ఆ పేటలో లేదు. రాజోలు దాటి లంక ఊళ్ళవైపు వెళితే చర్చి వెనకాల ఒక వీధి ఉంటుంది. ఆ వీధిలో కడుపుతో ఉన్న ఏ పిల్లయినా "ఆపరేషను కాన్పుకి వెన్నులో సూది వేస్తారంటండీ, వేయించుకోవచ్చా?" అని అడిగిందనుకోండి, అరుగు మీద చేపలు తోముకునే ముసలమ్మ దగ్గర్నుంచి నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన కోడలి దాకా అందరిదీ ఒకటే జవాబు. "అమ్మో, వద్దే తల్లీ! రత్తమ్మని చూళ్ళేదా?"

చూడ్డానికి రత్తమ్మ అక్కడుంటేగా! ఆవిడ పదహారేళ్ళుగా సౌదీలో ఉంది. తాయిఫ్ అని, కొండమీది ఊరు. అక్కడొక అరబ్బుల ఇంట్లో పని. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చి, ఎడమ చెయ్యి నడుం మీద ఆన్చుకుని వీధంతా ఒకసారి తిరిగి, అందరికీ తలా ఒక సబ్బూ సెంటు సీసా పంచి వెళ్ళిపోతుంది. మనిషి వెళ్ళిపోయినా నడుం మాత్రం సాక్ష్యంగా పేటలోనే ఉండిపోతుంది. యాభై నిండని మనిషి, ఆ వంగడం చూస్తే ఎవరికైనా సూదంటే గుండె జారుతుంది మరి.

తాయిఫ్‌లో ఆవిడ పని ఒక పెద్దావిడని చూసుకోవడం. అరబ్బుల ఇళ్ళలో పనివాళ్ళు యజమానురాల్ని పిలిచినట్టే రత్తమ్మా ఆవిడని "మామా" అంటుంది, ఆవిడ కొడుకుని "బాబా" అంటుంది. నాలుగేళ్ళ కిందట మామాకి పక్షవాతమొచ్చి కుడివైపు పడిపోయింది. అప్పట్నుంచీ మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి, మళ్ళీ మంచం మీదికి, రోజుకి ఆరేడుసార్లు ఎత్తి దించేది రత్తమ్మే. ఆవిడేమో దిట్టమైన మనిషి, ఈవిడదేమో వంకర నడుం. అయినా ఇంకొకరు చెయ్యి వేస్తే మామా ఒప్పుకోదు. "రత్నా! రత్నా!" అని ఇల్లెగిరిపోయేలా కేకలేస్తుంది. రత్తమ్మ అన్న పేరు ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పదహారేళ్ళుగా రత్నాయే.

ఆ ఇంట్లో తెలుగు ప్రాణి మరొకటి లేదు. అరబ్బీ వచ్చు, బాగానే వచ్చు, కూరగాయలవాడితో దెబ్బలాడేంత వచ్చు. కానీ దెబ్బలాడుకోవడం వేరు, మాట్లాడుకోవడం వేరు కదండీ. అందుకని రత్తమ్మ బట్టల మిషనుతో తెలుగులో మాట్లాడుతుంది. "ఏమే, ఇవాళేంటే అలా గింజుకుంటన్నావు? నీక్కూడా నడుం నొప్పేనా?" అంటుంది. పిచ్చెక్కి కాదు. వాడకపోతే నోట్లో మాట తుప్పు పట్టిపోతుందేమోనని బెంగ.

ఆశాకి నెల తప్పిందని తెలిసిన రోజునే రత్తమ్మ మామా కొడుకు దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. ఆశా ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. భర్త ఇస్సాక్ పోయి ఆరేళ్ళయింది. మిగిలిందల్లా ఆ పిల్లే. "తొలి కాన్పు బాబా. మావైపు తొలి కాన్పు తల్లి చెయ్యాలి, పుట్టింట్లోనే చెయ్యాలి. ఖురూజ్ ఇప్పించండి" అంది. ఖురూజ్ అంటే దేశం దాటి వెళ్ళొచ్చే అనుమతి. అది యజమాని తన ఫోనులో మీట నొక్కితేనే వస్తుంది. "ఇన్షా అల్లా" అన్నాడాయన, దేవుడు తలిస్తే అవుతుందని. పాపం, చెడ్డవాడేం కాదు. ఐదో నెలలోనూ ఇన్షా అల్లా అన్నాడు, ఏడో నెలలోనూ అన్నాడు. తొమ్మిదో నెలలో మాత్రం తల దించుకుని, "నువ్వెళితే మా అమ్మనెవరు ఎత్తుతారు రత్నా?" అన్నాడు. మా అమ్మాయికి మాత్రం అమ్మ అక్కర్లేదా అని రత్తమ్మ నోటిదాకా వచ్చింది గానీ, అరబ్బీలో ఆ మాట ఎలా అనాలో ఆ క్షణాన గుర్తు రాలేదు.

అలా పుట్టింట్లో పోయాల్సిన పురుడు అత్తారింటికి పోయింది. వియ్యపురాలు సణుగుతూనే అన్నీ చేస్తోంది. సణిగినా తప్పులేదు, పని ఆవిడది కాదు కదా.

మంగళవారం మధ్యాహ్నం మామా కునుకు తీస్తుంటే రత్తమ్మ వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని దానిమ్మకాయ ఒలుచుకుంటోంది. ఫోను మోగింది. ఆశా.

"అమ్మా, ఎల్లుండి పొద్దున్న పదింటికి ఆపరేషన్ అన్నారు."

"ఏసయ్యా! ఇంకా పది రోజులుందన్నారు కదే?"

"బిడ్డ ఇంకా కూర్చునే ఉందంట. తల కిందికి తిరగలేదు. నొప్పులొచ్చేదాకా ఆగితే కంగారైపోద్ది, ముందే తీసేద్దాం అన్నారు."

"సరే, భయపడకు. డాక్టరమ్మ చేతిలో దేవుడుంటాడు."

"భయం దానికి కాదమ్మా. మత్తు డాక్టరు గారు నన్నూ ఆయన్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు రకాలుంటాయంట. ఒకటి నడుం కింద సూది. గుండెల కిందనుంచి కాళ్ళదాకా తిమ్మిరెక్కుద్ది, మనం మెలకువగానే ఉంటాం, బిడ్డ ఏడుపు వినపడుద్ది. రెండోది పూర్తిగా నిద్రపుచ్చేసి గొంతులోకి గొట్టం వేస్తారు, మిషనే ఊపిరి పోస్తుంది. నాకు చిన్నప్పట్నుంచీ ఆయాసం కదా, గొట్టం పెడితే ఛాతీ మొరాయించొచ్చు, నీకు సూదే మంచిది అన్నారు."

"మరి?"

"నేనొద్దన్నాను. నిద్రపుచ్చెయ్యమన్నాను. బలవంతం లేదు గానీ ఆ ప్రమాదానికి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలన్నారు. రేపు సాయంత్రంలోగా బాగా ఆలోచించుకుని చెప్పమన్నారు. ఆలోచించేదేముందమ్మా? నిన్ను చూస్తూ పెరిగాను కదా."

ఒలిచిన దానిమ్మగింజలు రత్తమ్మ ఒళ్ళోంచి మెట్టు మీదికి దొర్లిపోయాయి. ఆశాకి ఐదారేళ్ళప్పుడు ఆయాసం వస్తే పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. ఆ పిల్లని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క ఊపిరీ లెక్కబెట్టుకుంటూ తెల్లవార్లూ కూర్చున్న తల్లి ఆవిడ. ఆ ఛాతీలోకి గొట్టమా?

"డాక్టరు గారికి తెలీదా ఏంటే? ఆయన చెప్పినట్టు విను" అంది.

"నీకూ డాక్టరే వేశాడు కదా? ఆ సూది వేసినోడు ఇప్పుడొచ్చి నీ నడుం నిలబెడతాడా? నాకు పిల్లని ఎత్తుకుని తిరగాలనుందమ్మా. చెయ్యి నడుం మీద పెట్టుకుని కాదు."

లోపల్నుంచి "రత్నా!" అన్న కేక వినపడింది. ఫోను పెట్టెయ్యక తప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. రత్తమ్మ నడుముని సూది విరవలేదు. తివాచీ విరిచింది.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. రంజాను ముందు ఆ ఇంట్లో తివాచీలన్నీ డాబా మీదికెక్కించి ఉతుకుతారు. ఆ రోజు ఉతికిన తివాచీ నీళ్ళైనా ఓడకముందే మబ్బు పట్టింది. తాయిఫ్‌లో అదొక తద్దినం. సౌదీ అంతా ఎండకి మాడి చస్తుంటే ఆ కొండ మీద మాత్రం చెప్పాపెట్టకుండా వాన దిగుతుంది. కిందికి తెచ్చెయ్యమన్నారు. తడి తివాచీ బరువెంతో మోసినవాళ్ళకే తెలుసు. భుజాన వేసుకుని దిగుతుంటే పాలరాతి మెట్టు మీద కాలు జారింది. పదకొండు మెట్లు. ఆఖరి మెట్టు అంచుకి నడుం కొట్టుకుంది, ఆ పైన తివాచీ వచ్చి మీద పడింది.

బాబా కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, కాదనకూడదు. ఎక్స్‌రే తీసి వెన్నుపూస ఒకటి నలిగిందన్నారు, ఆరు వారాలు కదలొద్దన్నారు. మామా అప్పటికి నడుస్తూ ఉండేది. మెట్ల కింద గదిలో పడుకున్న రత్తమ్మ దగ్గరికి తనే వచ్చి రెండు పూటలా వేడి నూనె రాసింది, అదీ కాదనకూడదు. కానీ రంజాను పన్నెండు రోజుల్లో ఉంది. ఇంటి నిండా చుట్టాలు. తొమ్మిదో రోజుకి రత్తమ్మ వంటింట్లో ఉంది. లెమ్మని ఎవరూ అనలేదు. పడుకుని ఉండమనీ ఎవరూ అనలేదు.

ఆ మరుసటేడు సెలవుకి ఊరొచ్చింది. టాక్సీ దిగగానే పన్నెండేళ్ళ ఆశా పరుగెత్తుకొచ్చి నడుం చుట్టూ చేతులు వేసి వాటేసుకుంది. "అబ్బా!" అని రత్తమ్మ కేక పెట్టింది. పిల్ల బెదిరిపోయి చేతులు తీసేసింది. "నడుం అలాగైపోయిందేంటమ్మా?" వీధంతా చూస్తోంది. పెట్టెలు దించుతున్న ఇస్సాక్ కూడా ఆగి చూస్తున్నాడు. నిజం చెబితే ఇస్సాక్ మళ్ళీ పంపడు. ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. పిల్ల చదువు మొదట్లోనే ఉంది.

"నువ్వు పుట్టినప్పుడు వెన్నుకి సూది వేశారు కదే, అది ఇప్పుడు తిరగబెట్టింది" అనేసింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతుక్కుపోయింది. పేటలో ఆడవాళ్ళకి ఆ సూది మీద అనుమానం ముందునుంచీ ఉన్నదే, ఇప్పుడు రుజువు దొరికింది. అయినా ఒక్క రత్తమ్మననేముంది లెండి. గల్ఫుకెళ్ళిన ఆడవాళ్ళందరిదీ ఒకటే పాట, "అంతా బాగుంది, నాకేంటి, రాణీలా ఉన్నాను". కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. చెప్పగా చెప్పగా రత్తమ్మకే సగం నమ్మకం కుదిరిపోయింది. నొప్పి ఎక్కువైన రోజున "పాడు సూది" అని తనే తిట్టుకునేది.

ఆ అబద్ధం పద్నాలుగేళ్ళు తిరిగి తిరిగి ఇప్పుడు సరిగ్గా కన్నకూతురి ప్రాణం మీదికొచ్చి కూర్చుంది.

బుధవారం ఇష్రత్ వచ్చే రోజు. ఆస్పత్రి తరఫున ఇళ్ళకెళ్ళి మంచాన పడ్డవాళ్ళని చూసే నర్సు ఆ పిల్ల. కర్నూలు దగ్గరి మనిషి. మామా వీపు మీద పుళ్ళు పడకుండా చూసి, కట్టు మార్చి వెళ్తుంది. రత్తమ్మకి వారం మొత్తానికి ఎదురుగా కూర్చుని తెలుగు మాట్లాడే ముప్పావుగంట అదే. మామూలుగా ఆ ముప్పావుగంటలో రత్తమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు టీ కప్పు చేతికిచ్చి ఊరుకుంది.

"ఏమక్కా, ఇయ్యాల మాటల్లేవు? మామా తిట్టిందా?"

రత్తమ్మ చెప్పింది. కూతురి సంగతీ, ఆయాసం సంగతీ, డాక్టరన్న మాటా. తన నడుం సంగతి మాత్రం పేటలో ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. అలవాటు.

ఇష్రత్ కప్పు కింద పెట్టింది. "అక్కా, నేను ఆపరేషన్ థియేటర్‌లో ఆరేండ్లు చేసినా. ఆ సూది వేస్తే అసలు నొప్పే ఉండదని అబద్ధం చెప్పను. గుచ్చినచోట నాలుగు దినాలు సలుపుతాది. నూటికి ఒకరికి తలనొప్పి వస్తాది, దానికీ మందుంది. అంతేగానీ ఏండ్ల తరబడి నడుం వంగిపోయేది సూది పని కాదు. ఆయాసం ఉండే పిల్లకి కడుపుతో ఉన్నప్పుడు గొంతులో గొట్టమేసేదానికంటే ఇదే మేలు. కొందరికి సూది కుదరదు, రక్తం గడ్డకట్టనోళ్ళకీ, ఇంకా కొందరికీ. అప్పుడు నిద్రపుచ్చుతారు, అదేమీ తప్పు కాదు. కానీ నీ పాపకి అట్లాంటిదేం లేదు గదా?"

"నువ్వే చెప్పమ్మా దానికి. నర్సువి, నీ మాటైతే వింటుంది" అని రత్తమ్మ అప్పటికప్పుడు ఫోను కలిపి ఇచ్చింది. పిల్లి మెడలో గంట ఇంకొకరి చేత కట్టిద్దామని పాపం ఆశ. ఇష్రత్ పది నిమిషాలు ఓపిగ్గా చెప్పింది. ఆశా అన్నీ విని, "మీరు చెప్పేది పుస్తకాల్లో ఉంటుందండి. మా అమ్మ నడుం పుస్తకంలో ఉండదండి. నేను కళ్ళతో చూశాను, ఆయ్. ఏమనుకోకండి" అని మర్యాదగా పెట్టేసింది.

ఇష్రత్ ఫోను తిరిగిచ్చి రత్తమ్మ వైపే చూసింది. "నిన్ను రెండేండ్ల నుంచి చూస్తాండా. నువ్వు వంగేదీ లేచేదీ చూస్తాండా. యాడో పడినావు నువ్వు. నేను నర్సునక్కా, నాకాడ దాస్తే దాగుతాదా?"

రత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇష్రత్‌కి ఇంకో ఇంటికి వేళయింది. సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర ఆగి, "సాయంత్రమే సంతకమంటాంది నీ పాప. అక్కడ ఇప్పుడు నాలుగున్నర" అని వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఫ్రిజ్ చప్పుడు కూడా వినపడుతోంది. అడగడానికి మనిషి లేదు. ఇస్సాక్ ఉంటే తిట్టేవాడు. తిట్టేవాడైనా ఉంటే బాగుండునని రత్తమ్మకి ఆ పూట అనిపించింది. దేశంగాని దేశంలో, మెట్ల కింద గదిలో, తన అబద్ధమూ తనూ మాత్రమే ఉన్నాయి. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఈ పద్నాలుగేళ్ళలో అన్న "అంతా బాగుంది"లన్నీ ఒక్కసారిగా అబద్ధాలైపోతాయి. ఇదొకటే దాచావా, ఇంకేమేం దాచావు అని అడుగుతుంది పిల్ల. ఇక ఏ మాటా నమ్మదు. ఆవిడకి ఉన్న బంధమల్లా ఆ ఫోను మాటే కదా, ఆ మాటకే విలువ పోతే ఇక ఇక్కడ ఆవిడకి ఏం మిగులుతుంది?

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. రత్తమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింది పెట్టె లాగింది. అన్నిటికంటే అడుగున, చలికోటు కింద, గోధుమరంగు కవరు ఉంది. ఎందుకు దాచుకుందో ఆవిడకే తెలియదు. పారెయ్యాలని ఎన్నిసార్లో అనుకుంది. ఈ ఇంట్లో తనకి జరిగిన దానికి ఇంకో ఆనవాలు లేదు, బహుశా అందుకే పారెయ్యలేదు.

కవరు వంటింట్లోకి తెచ్చి వీడియో కాల్ చేసింది. ఆశా ముఖం కనపడింది, నీరుపట్టి ఉబ్బిపోయి.

"అమ్మా, ఇప్పుడే ఆస్పత్రికి బయల్దేరుతున్నాం. ఆయన ఆటో తెస్తన్నారు. మళ్ళీ ఆ నర్సుగారి చేత చెప్పిస్తావా ఏంటి?"

"కాదు. ఎవరూ లేరు. చూడు."

వంటింటి కిటికీ కొండవైపు ఉంటుంది. మధ్యాహ్నపు వెలుతురు తెల్లగా పడుతోంది. రత్తమ్మ కవర్లోంచి నల్లటి ఫిలిం తీసి కిటికీ అద్దానికి ఆన్చి పట్టుకుంది. రెండో చేత్తో ఫోను దగ్గరగా పెట్టింది.

"ఏంటమ్మా అది? ఎవరి ఎక్స్‌రే?"

"కింద మూలన ఇంగ్లీషులో ఉంది. చదువుకున్నదానివి కదా, చదువు."

ఆశా కళ్ళు చిన్నవి చేసుకుంది. "రత్తమ్మ... నీ పేరే. తేదీ... రెండువేల పది?" వేళ్ళ మీద లెక్కబెట్టుకుంది. "అప్పటికి నాకు పదకొండేళ్ళమ్మా."

"ఆఁ. పదకొండు. నిన్ను కన్నది అంతకుముందెప్పుడో. అప్పుడూ సూది వేశారు, నిజమే. నాలుగోరోజు లేచి నిన్ను ఎత్తుకుని బస్సెక్కి ఇంటికొచ్చాను. ఏడాది తిరక్కుండా వరినాట్లకి వెళ్ళాను. నడుం నిక్షేపంలా ఉంది. ఇది ఇక్కడ అయిందే. ఈ ఇంట్లో మెట్ల మీంచి పడ్డాను. తడి తివాచీ మోస్తూ పడ్డాను. సూదికే పాపమూ తెలియదు. నేనే అబద్ధం చెప్పాను. మీ నాన్న పంపడేమోనని చెప్పాను. తరవాతేమో... తరవాత దిద్దుకోలేకపోయాను తల్లీ."

ఫోనులో ఆశా ముఖం అలాగే ఉండిపోయింది. నెట్టు ఆగిందేమోననుకుంది రత్తమ్మ. కాదు, రెప్పలు కదులుతున్నాయి.

"అంటే, ఇన్నేళ్ళూ..." అంది ఆశా. అక్కడితో ఆపేసింది. వెనక ఆటో హారను వినపడింది. ఫోను కట్టయిపోయింది.

రత్తమ్మ మళ్ళీ చేసింది. ఎత్తలేదు. సాయంత్రం చేసింది, స్విచాఫ్. అల్లుడికి చేద్దామా అనుకుని ఆగింది. ఏమని అడుగుతుంది? మీ ఆవిడ నా మీద కోపంగా ఉందా బాబూ అనా? సూదికి ఒప్పుకుందో లేదో, ఏ కాగితం మీద సంతకం పెట్టిందో ఏమీ తెలియదు. మామాకి అన్నం పెట్టి, మందులు వేసి, తన గదిలోకెళ్ళి పడుకుంది. ఫోను గుండెల మీద పెట్టుకుంది. అది మోగలేదు.

గురువారం. రాజోలులో పదయితే తాయిఫ్‌లో ఏడున్నర. రత్తమ్మ ఏడింటికల్లా మామాకి ముఖం కడిగింది, రొట్టె నానబెట్టి తినిపించింది. మామా ముఖం ఎడమవైపు మాత్రమే నవ్వుతుంది, ఎడమవైపు మాత్రమే కోప్పడుతుంది. ఆ ఎడమకన్నుతో రత్తమ్మని ఎగాదిగా చూసింది.

"రత్నా, ఏడ్చావు నువ్వు."

"లేదు మామా."

"అబద్ధం."

ఆ మాటకి రత్తమ్మ నోరు తెరుచుకుంది. కూతురికి ఆపరేషన్ మామా, ఇప్పుడే, ఈ గంటలోనే, అని చెప్పింది. వెళ్ళాల్సింది నేను మామా, అని కూడా అంది. పదహారేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ నోటివెంట అలాంటి మాట రావడం అదే మొదలు. మామా బాగున్న ఎడమచెయ్యి చాచి, రత్తమ్మ నడుం మీద, ఒకప్పుడు నూనె రాసిన ఆ చోటే, పెట్టింది. ఆ ఇంట్లో ఆ నడుం నొప్పిని చేత్తో తాకి చూసిన మనిషి ఆవిడొక్కతే. కానీ చెయ్యి పెట్టగలదు గానీ ఇంకేం చెయ్యగలదు? ఆవిడే మంచాన పడి ఉంది.

ఎనిమిదయింది. ఎనిమిదింపావు. రత్తమ్మ నేల తుడిచింది, తుడిచిన నేలే మళ్ళీ తుడిచింది. మెలకువగా ఉంటే ఈపాటికి బిడ్డ ఏడుపు విని ఉంటుంది. నిద్రపుచ్చి ఉంటే ఆ గొట్టం... దేవుడా, ఆ ఛాతీ. "ప్రభువా, నా అబద్ధం మీద కోపముంటే నామీద చూపించు, దాని ఊపిరి మీద కాదు" అని బట్టల మిషను పక్కన నిలబడి పైకే అంది.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. అల్లుడు సురేంద్ర.

"అత్తయ్యగారండీ! పాపండీ! రెండు కేజీల తొమ్మిది వందలండీ! బాగుందండి, ఆయ్!"

"అది ఎలాగుంది బాబూ? ఆశా?"

"ఇస్తానుండండి. నర్సమ్మ తిడుతుంది, ఒక్క నిమిషమేనంట."

గరగరమని చప్పుడైంది. ఎవరో ఊపిరి తీసుకున్నారు. రత్తమ్మ ఆ ఊపిరి విన్నది. ఈల లేదు, గురక లేదు. చిన్నప్పట్నుంచీ విన్న చెవి కదా, గుర్తుపట్టేసింది.

"అమ్మా."

మాట స్పష్టంగా ఉంది. మత్తులో ముద్దగా లేదు. గొంతులో గొట్టం పెట్టి తీసిన బొంగురు లేదు. రత్తమ్మకి ఇక అడగక్కర్లేకపోయింది. గోడకి జారబడి నేల మీద కూర్చుండిపోయింది.

"పాప ఏడుపు అందరికంటే ముందు నేనే విన్నానమ్మా. తెర అవతల ఉంది, కనపళ్ళేదు, కానీ విన్నాను. తరవాత తెచ్చి నా చెంపకి ఆన్చారు."

"మంచిది తల్లీ. మంచిది నా బంగారం."

"సూది వేసేటప్పుడు ముడుచుకుని కూర్చోమన్నారు. నిన్నే తలుచుకున్నాను. తిట్టుకున్నాను కూడా."

"తిట్టుకోవే. ఎంతైనా తిట్టుకో."

అవతల ఆశా వెక్కింది. కడుపు కోసి ఉంది కదా, ఏడవడానికి కూడా లేదు పాపం, ఆపుకుంటోంది. "ఇన్నేళ్ళూ నన్ను కన్నందుకే నీ నడుం పోయిందనుకున్నానమ్మా. నేనే విరిచేశాననుకున్నాను. ఏదీ అడగబుద్ధయ్యేది కాదు. చెప్పులు తెగిపోయినా అడిగేదాన్ని కాదు. నువ్వు ఫోన్ చేసి ఏం కావాలే అంటే ఏమీ వద్దనేదాన్ని."

రత్తమ్మకి అది తెలియదు. బుద్ధిమంతురాలు, నా కూతురు నోరు తెరిచి ఏదీ అడగదు అని పదిమందికీ గొప్పగా చెప్పుకునేది. దాచింది తన నొప్పొక్కటే అనుకుంది. అది ఆ పసిదాని నెత్తిన పెట్టానని ఆవిడకి ఈ క్షణం దాకా తెలియదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.

వెనకాల నర్సు ఎవరో ఇక చాలమ్మా అంటోంది. పాప కేరుమంది. ఆ కేరు తాయిఫ్ దాకా వచ్చి ఆ వంటింట్లో వినపడింది.

"పెట్టేస్తానమ్మా" అంది ఆశా. "ఒక్కటి చెప్పు. నీకు ఎలాగుంది ఇప్పుడు?"

"నాకేంటే, అంతా బా..."

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. గదిలోంచి మామా "రత్నా!" అని పిలిచింది, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తే వేళయింది. రత్తమ్మ లేవలేదు. అవతల ఆశా కూడా పెట్టెయ్యలేదు, కాచుకుని ఉంది.

"నొప్పిగా ఉందే" అంది రత్తమ్మ. "చాలా నొప్పిగా ఉందే అమ్మా."